తొమ్మిదిన్నర వార్తలు

ముప్పై ఒక్క ఏళ్ల పాటు ఆవిడ రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యంగా నడుస్తోందో చెప్పింది. ఆ ఊళ్లో ఆమె గొంతు వినని మనిషి లేడు. ముఖం చూసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక తమ్ముడి ఇంట్లో ఉంది. తమ్ముడు పోయాక అతని కూతురు తన దగ్గరికి వచ్చేయమని పట్టుబట్టింది గానీ, "నీవి రెండు గదులు, మీరు నలుగురు. నేనొస్తే ఎవరో ఒకరు నిలబడి నిద్రపోవాలే" అని నవ్వేసి, తన పెట్టె తనే సర్దుకుని వృద్ధుల వసతి గృహానికి వచ్చింది. అక్కడ ఆమెకు అనౌన్సరమ్మ అని పేరు పడింది.

అక్కడ రోజంతా గంట ప్రకారం నడిచేది. ఆరింటికి టీ. ఎనిమిదింటికి టిఫిను. తొమ్మిదింటికి హాల్లో కుర్చీల్లో కూర్చునే చేతులూ మెడా తిప్పే వ్యాయామం. పదకొండింటిదాకా క్యారమ్స్, పేకాట. సాయంత్రం తోటలో నాలుగు చుట్లు, ఆ తర్వాత ఎవరికి వచ్చిన పాట వాళ్లు పాడటం. తొమ్మిదిన్నరకు వార్తలు చదవడం మాత్రం అనౌన్సరమ్మ వచ్చాక మొదలైంది. వచ్చిన కొత్తలో ఒకరోజు పక్క కుర్చీ ఆవిడకు పేపరు చదివి పెడుతుంటే హాలంతా నిశ్శబ్దమైపోయింది. మర్నాడు ముప్పై మంది చేరారు. వాళ్లలో సగం మందికి కళ్లజోడు పెట్టినా అక్షరాలు ఆనవు, మిగతా సగానికి ఓపిక ఆనదు. ఆమె గొంతు విప్పితే మాత్రం, కొట్టుకునేదాకా వచ్చిన పేకాట జట్టు కూడా ముక్కలు బోర్లించి వినేది.

మూడేళ్లు బాగానే సాగింది. నాలుగో ఏడు ఆమె చూపు పోవడం మొదలైంది. అంచులు మిగిలి నడుమ పోయింది. తలుపు చట్రం కనిపిస్తుంది, అందులో నిలబడ్డ మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట మసిగుడ్డతో తుడిచినట్టు ఒక మరక. ఎటు చూడాలనుకుంటే ఆ మరక ముందే అటు వెళ్లి కూర్చునేది. కంటి డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్లింది.

"ఆపరేషన్‌తో వచ్చేది కాదమ్మా ఇది. ఉన్నదాన్ని కాపాడుకోవడమే" అన్నాడాయన.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ఆదివారం వచ్చే మేనకోడలికి కూడా చెప్పలేదు. కారణం, వెనక బ్లాకు.

తమంతట తాము తినలేని, నడవలేని, దారి తెలియనివాళ్లను వెనక బ్లాకులో ఉంచుతారు. చెడ్డ చోటేమీ కాదు. శుభ్రంగా ఉంటుంది, పిలిస్తే పలికే ఆయాలుంటారు. కానీ దాని వరండాకు గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. అక్కడికి వెళ్లినవాళ్ల గురించి ముందు బ్లాకులో పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. 'ఎంత బాగా పాడేవాడో.' 'భలే నవ్వించేది పాపం.'

అందుకని ఆమె నెట్టుకొచ్చింది. గది నుంచి హాలుకు ఇరవై ఆరు అడుగులు, హాలు గడప దగ్గర ఒక మెట్టు. మనుషులను గొంతుతో, దగ్గుతో, చెప్పుల చప్పుడుతో గుర్తుపట్టేది. పేపరులో పెద్ద అక్షరాలు ఓరచూపుతో కొన్నాళ్లు దొరికాయి. అవీ దొరకనప్పుడు, పొద్దున్నే రేడియోలో విన్న నాలుగు ముక్కలకు తన మాటలు అతికించేది. అవి చాలనప్పుడు సొంతంగా కల్పించేది. పేపరు మాత్రం ముఖానికి ఎదురుగా విప్పి పట్టుకునేది, పేజీలు తిప్పేది.

అలా ఒకరోజు, చేపల బజారులో తప్పిపోయిన కుక్క ఒకటి మూడు నెలల తర్వాత నలభై కిలోమీటర్లు నడిచి యజమాని గుమ్మంలో వాలిందని చదివింది. హాలు మురిసిపోయింది. మర్నాడు వార్తలు మొదలుపెట్టకముందే, కబుర్ల పిన్ని అని అందరూ పిలిచే ఆవిడ అడిగింది.

"వదినా, ముందు ఆ కుక్క సంగతి చెప్పు. కోలుకుందా?"

అనౌన్సరమ్మ పేపరు చాటునే ఒక పేజీ తిప్పి, "కాళ్లకు మందు రాశారట. పాలు తాగుతోందట" అంది.

ఆ వేళ మధ్యాహ్నం, అందరూ కునుకు తీసే సమయంలో, ఆమె గది ముందు వరండా బల్ల మీద ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. గొంతు వింటే తెలిసింది, ప్రూఫులాయన. అచ్చాఫీసులో నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. భార్య పోయాక, బడిలో పాఠాలు చెప్పే కూతురు తన ఊరికి దగ్గరని ఆ యేడే ఇక్కడ చేర్పించింది. ఆయనంటే అనౌన్సరమ్మకు ఒళ్లు మంట. చేరిన వారంలోనే నిండు హాల్లో లేచి, "అత్యదిక కాదండీ, అత్యధిక. ధకు ఒత్తుంది. మీరు మింగేశారు" అన్నాడు. ఆమె తక్కువ తినలేదు. "ఒక్క ఒత్తు మింగితే అజీర్ణం చెయ్యదులెండి" అని నవ్వించింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఆ కుక్క ఏ పేజీలో ఉందండీ?" అన్నాడాయన ఉపోద్ఘాతం లేకుండా.

ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"నేను ఐదున్నరకే పేపరు మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. అలవాటు. వారం రోజులుగా చూస్తున్నాను. మీరు చదివినవాటిలో సగం ఎక్కడా లేవు."

"మరి హాల్లో అనలేదేం? ఒత్తుకే లేచి నిలబడ్డారుగా."

"అది నా బుద్ధి తక్కువ. అచ్చుతప్పు ఉంటే అక్షరాలు పేర్చే కంపోజరు పక్కకెళ్లి చెప్పాలి, వీధిలో అరవకూడదు." గొంతు తగ్గించాడు. "కళ్లా?"

కంటి డాక్టరు తర్వాత ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. "ఎవరికీ చెప్పకండి మాస్టారూ. నన్ను వెనక బ్లాకులో పడేస్తారు" అంది.

"చెప్పను. కానీ ఒక్క షరతు. లేనిది చదవొద్దు. వాళ్లు మిమ్మల్ని నమ్ముతున్నారు. ఆ కబుర్ల పిన్ని కుక్కకు పాలు పంపుతానంటోంది."

ఆమె ఏడుస్తూనే నవ్వింది.

మర్నాటి నుంచి ఆరున్నరకు ఆయన పేపరు చంకన పెట్టుకుని ఆ బల్ల దగ్గరికి వచ్చేవాడు. చదివేవాడు, ఆమె వినేది. బండి నంబర్లు, వేళలు వందల కొద్దీ నోటికి పట్టిన మనిషి కాబట్టి ఒకసారి వింటే చాలు, మాట పొల్లుపోయేది కాదు. ఆమె ఏ వైపు పైకి పట్టుకోవాలో తెలిసేలా ఆయన పేపరు పైమూల మడిచి ఇచ్చేవాడు. తొమ్మిదిన్నరకు హాల్లో ఆమె గొంతు ఎప్పటికంటే నిబ్బరంగా పలికేది. వెనక వరసలో ఆయన చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

కబుర్ల పిన్ని ఊరుకుంటుందా? "వదినా, పొద్దున్నే పేపరు ఇద్దరు కలిసి చదవడమేంటి? ఒక్కరికి బరువా?" అంది అందరి ముందూ.

"ఆయన ఒత్తులు మోస్తారు, నేను దీర్ఘాలు మోస్తాను" అంది అనౌన్సరమ్మ. హాలు ఘొల్లుమంది. ఆయన వెనక వరసలో దగ్గాడు.

పది నెలలు అలా గడిచాయి. పేపరు అయ్యాక కూడా టిఫిను గంట మోగేదాకా కూర్చునేవారు. ఆయన భార్య గురించి చెప్పేవాడు. పొద్దస్తమానం అచ్చుతప్పులు దిద్ది ఇంటికొచ్చి, ఆమె మాటలో కూడా తప్పులు పట్టేవాణ్ణని, చివరికి ఆమె తనతో మాట్లాడటమే తగ్గించిందని చెప్పాడు. "నోరు మూసుకుని వినుంటే ఇంకొన్ని మాటలు మిగిలేవి" అన్నాడు. అనౌన్సరమ్మ, ఎవరితోనూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. స్టేషన్‌లో ఒకతను రోజూ సాయంత్రం ఆరు ఇరవై బండి దిగేవాడట. అనౌన్స్‌మెంటు బాగుందని రెండేళ్లపాటు కిటికీలోంచి చీటీలు పెట్టేవాడట. ఒకరోజు నుంచి రావడం మానేశాడట. "నేను అతనికి ఒక్కదానికీ జవాబు రాయలేదు మాస్టారూ. డ్యూటీలో రాయకూడదనుకున్నాను" అంది.

ఒక ఉదయం ఆయన చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. "అది... అదేంటది... చెవి మీద పెట్టుకుంటానే..."

"పెన్సిలా?"

"ఆ. పెన్సిలు." నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు.

ఆమె దాన్ని పట్టించుకోనట్టే ఉంది. తర్వాత్తర్వాత అలాంటివి వారానికొకటి, రోజుకొకటి అయ్యాయి. చదివిన వాక్యమే మళ్లీ చదివేవాడు. పేరా మధ్యలో లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చునేవాడు. ఒకరోజు ఆమె ధైర్యం చేసింది.

"మాస్టారూ, మీ అమ్మాయితో ఒక మాట చెప్పరాదూ? డాక్టరుకు చూపిస్తుంది."

"చెప్తే నన్నూ గ్రిల్లు లోపల పెడతారు. అప్పుడు మీకెవరు చదువుతారు?" అన్నాడు.

తన రహస్యం ఆయన దాచాడు, ఆయన రహస్యం తను దాచాలి కదా అనుకుంది. అది తప్పని ఆమెకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

వానలు వెనకబట్టిన ఒక ఉదయం ఆయన ఆలస్యంగా వచ్చాడు. గబగబా చదివాడు. ఏటి మీద కొత్త వంతెన తెరిచారని, మొదటి రోజే జనం కిక్కిరిశారని. ఎక్కడో విన్నట్టు అనిపించినా, ఆమె అడగలేదు. తొమ్మిదిన్నరకు హాల్లో పేపరు విప్పి అదే చదివింది. పేకాట జట్టులో ఎవరో నవ్వారు.

"ఆ వంతెన తెరిచి పది రోజులైంది కదండీ. మా అల్లుడు దాని మీదుగానే వచ్చివెళ్లాడు."

"పాత పేపరు పట్టుకొచ్చినట్టున్నాను. పొరపాటు నాదే" అంది ఆమె వెంటనే.

వసతి గృహం మేనేజరమ్మ ఆ సమయానికి హాల్లోనే ఉంది. దగ్గరికొచ్చి నిలబడింది. తర్వాత మెల్లగా, ఆమెకు మాత్రమే వినిపించేలా చెప్దామనుకుంది గానీ, హాలు అంత నిశ్శబ్దంగా ఉంటే ఏ మాట దాగుతుంది?

"అమ్మా, మీ చేతిలో ఉన్నది ఇవాళ్టి పేపరే. తలకిందులుగా ఉంది."

ఆ రోజు ఆయన పైమూలకు బదులు కిందిమూల మడిచి ఇచ్చాడు.

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ప్రూఫులాయన లేచాడు. "తప్పు... ఆవిడది కాదు. నేను... అది నేను..." ఆపైన మాట రాలేదు. నలభై ఏళ్లు ఇతరుల మాటలు సరిచేసిన మనిషి అక్కడ నిలబడి ఒక్క వాక్యం కోసం తడుముకున్నాడు. స్నేహితురాలి కోసం కంగారుపడుతున్నాడనుకుని పక్కవాళ్లు ఆయన్ను కూర్చోబెట్టారు.

ఆయన చదివి వినిపించిందే చెప్పానని ఆమె ఒక్క మాట అంటే పోయేది. వంతెన తప్పు ఆయన మీదికి పోయేది. ఆమె పేపరు నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుని, "నాకు ఏడాదిన్నరగా కనిపించడం లేదు. అంతా నేనే కల్పించి చెప్తున్నాను. క్షమించండి" అంది.

ఆ మాటతో పది నెలలుగా ఆయన ఒక్కో అక్షరం చూసి చదివిన నిజమైన వార్తలన్నీ అబద్ధాలైపోయాయి. కబుర్ల పిన్ని "అయితే కుక్క?" అంది. ఎవరూ నవ్వలేదు.

ఆఫీసు గదిలో మేనేజరమ్మ కటువుగా ఏమీ మాట్లాడలేదు. "పోయినేడు చూపు సరిగా లేని ఒకాయన ఇలాగే దాచి, మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ లేవలేదు. వాళ్లబ్బాయి ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాడు. ఇంకోసారి నా వల్ల కాదమ్మా" అంది. కబురందుకుని వచ్చిన మేనకోడలు ఆమె చెయ్యి పట్టుకుని, "నాకు కూడా చెప్పాలనిపించలేదా అత్తా?" అని ఒక్కటే ప్రశ్న అడిగింది. ఆ వారంలోనే ఆమె పెట్టె వెనక బ్లాకుకు చేరింది.

అక్కడ రోజులు పొడుగు. ఒకావిడ పొద్దుటినుంచి సాయంత్రం దాకా దుప్పటి అంచు మడుస్తూ, విప్పుతూ ఉండేది. ఒకాయన ప్రతి గంటకూ బడి వదిలారా అని అడిగేవాడు. ఆయాలు మంచివాళ్లే, స్నానానికి నీళ్లు తోడేవాళ్లు, అన్నం కలిపి పెట్టబోయేవాళ్లు. "నా చేతులకేం కాలేదమ్మా, కళ్లకే" అని ఆమె రోజూ చెప్పేది, వాళ్లు రోజూ మర్చిపోయేవాళ్లు.

మూడో రోజు ఆరున్నరకు గ్రిల్లు బయట కుర్చీ ఈడ్చిన చప్పుడైంది.

"ఉన్నారా?"

"ఇంకెక్కడికి పోతాను మాస్టారూ?" అంటూ ఆమె గ్రిల్లు దాకా తడుముకుంటూ వెళ్లి ఇవతల కూర్చుంది.

ఆయన చదివాడు. అప్పటికి వరసంతా చెదిరిపోయింది. ఒక వార్త సగం, ఇంకో వార్త సగం. మధ్యలో పెళ్లి ప్రకటన, వాన కబురు, చదవకుండా తనే అన్న మాటలు. ఆమె మధ్యలో అందుకుని సరిచెయ్యలేదు. "ఊఁ, తర్వాత?" అనేది. ఆయన ఉత్సాహంగా ఇంకో పేజీ తిప్పేవాడు. ఒకరోజు పేపరు ఒళ్లో పెట్టుకుని, "ఆ కుక్క మళ్లీ వెళ్లిపోయిందట. నిన్న రాత్రి నుంచి ఇంటికి రాలేదట" అన్నాడు. గొంతులో నిజమైన బాధ ఉంది.

"వస్తుందిలెండి. దారి తెలిసిన కుక్కే" అంది ఆమె.

"తెలుసా? అయితే సరే."

నలభై రోజులకు పైగా వచ్చాడు. తర్వాత ఒక ఉదయం రాలేదు. వాన పడుతోంది, అందుకని ఆగాడేమో అనుకుంది. మర్నాడూ రాలేదు, మూడో రోజూ రాలేదు. ఆయాను అడిగితే కనుక్కుంటానంది, పనిలో పడి మర్చిపోయింది. మధ్యాహ్నం కబుర్ల పిన్ని గ్రిల్లు దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ దూరం నుంచే గొంతు వినిపించే మనిషి, ఆ రోజు దగ్గరికొచ్చేదాకా మాట్లాడలేదు.

"వదినా... మొన్న తెల్లారి పక్క మీంచి లేవలేదట. ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడే నిన్న పోయారు. వాళ్లమ్మాయి వచ్చి అటునుంచి అటే అన్నీ జరిపించేసింది."

"నాకు చెప్పలేదే ఎవరూ."

"నువ్వు ఇటువైపు ఉన్నావు కదా" అంది పిన్ని. ఆ మాట అన్నాక తనకే తప్పుగా తోచి, గ్రిల్లు సందుల్లోంచి చెయ్యి పెట్టి ఆమె వేళ్లు పట్టుకుంది. "నువ్వు కల్పించావంటే నేను నమ్మలేదు వదినా. ఆయన రోజూ నీకు చదివేవాడని నాకు తెలుసు. ఆ రోజు నోరు విప్పాల్సింది. ఊరంతా కబుర్లు మోసే నోరు, అక్కడే పడిపోయింది" అంది.

తొమ్మిదో రోజున ప్రూఫులాయన కూతురు గది ఖాళీ చెయ్యడానికి వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు, వెనక బ్లాకుకు వచ్చి అనౌన్సరమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది. నలభై ఏళ్ల మనిషి గొంతు, బొంగురుపోయి ఉంది.

"నాన్న నాతో చివరి నెలల్లో పెద్దగా మాట్లాడలేదండీ. నేనొస్తే నవ్వి ఊరుకునేవారు. మాట తడబడుతోందని నాకు తెలియకూడదనేమో. మీతో మాట్లాడేవారట కదా. ఆఖరి రోజు ఏమన్నారు?"

ఆమెకు అది అక్షరం అక్షరం గుర్తుంది. మంచి మాట ఏదైనా చెప్పవచ్చు. అమ్మాయిని తలుచుకున్నారని చెప్పవచ్చు. కానీ ఆ మనిషి పెట్టిన ఒకే ఒక్క షరతు తప్పి ఆమె అప్పటికే ఒకసారి హాల్లో అబద్ధమాడింది. ఉన్నది ఉన్నట్టే చెప్పింది. "ఎండ ఎక్కువగా ఉంటుందన్నారు. ఒక పెళ్లి సంబంధం చదివారు. పెళ్లికూతురు బడిలో పాఠాలు చెప్తుందట, చాలా మంచి పిల్లట, ఒత్తులు స్పష్టంగా పలుకుతుందట. ఆ సంగతి పేపర్లో ఉందో లేదో నాకు తెలియదమ్మా. ఆ తర్వాత పేపరు మడిచి, రేపు వస్తానన్నారు."

ఆ అమ్మాయి చాలాసేపు ఏడ్చింది. అనౌన్సరమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడుపు తగ్గాక, అడగవచ్చో లేదో అనుకుంటూనే అడిగింది.

"మీ నాన్న ఎలా ఉండేవారమ్మా? ఆయన ఇక్కడికి వచ్చేసరికే నా చూపు పోయింది. భుజాలు తెలుసు. చేతులు తెలుసు. ముఖం నేనెప్పుడూ చూడలేదు."

కూతురు కళ్లు తుడుచుకుంది. మెల్లగా మొదలుపెట్టింది. నుదురు విశాలమని, నడినెత్తిన తప్ప జుట్టు పోలేదని. కనుబొమలు ఒత్తుగా, ఎడమది కుడిదానికంటే కాస్త పైకి ఉంటుందని, దాంతో ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టు కనిపించేవారని. కళ్లు చిన్నవని. ముక్కు మీద కళ్లజోడు పడి పడి రెండు గుంటలు. పై పెదవి పల్చన. నవ్వితే ఒక్క కుడి బుగ్గే ముడతలు పడుతుందని.

అనౌన్సరమ్మ తల వంచి వింటోంది. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి, బండి నంబర్లు నోటికి పట్టేటప్పటిలా.

ముఖం పూర్తికాకముందే గేటు దగ్గర బండివాడు పెట్టెలు ఎక్కించేశామని కేకేశాడు. ఆ అమ్మాయి లేచి, ఆమె చేతులు కళ్లకద్దుకుని, మళ్లీ వస్తానని చెప్పి గబగబా వెళ్లిపోయింది. గ్రిల్లు తలుపు మూసుకుంది.

కాసేపటికి ఆయా అన్నానికి పిలిచింది. అనౌన్సరమ్మ లేవలేదు.

"అమ్మాయ్, ఆయన చెవులు ఎలా ఉండేవో నువ్వెప్పుడైనా చూశావా?"

"ఎవరి చెవులమ్మా?"

ఆయా చేతిలో ఇంకో మూడు కంచాలున్నాయి. లోపల ఎవరో బడి వదిలారా అని అడుగుతున్నారు.

"ఏం లేదులే. పద" అని ఆమె గోడ పట్టుకుని లేచింది.